మూడో గడి చూస్తే చాలు

హైదరాబాద్ దగ్గర మొయినాబాద్, చేవెళ్ల వైపు పాలీహౌస్‌లలో గులాబీలు, జెర్బెరాలు పండిస్తారు. అదే దారిలో అజీజ్‌నగర్, చిలుకూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. అక్కడి జావా ల్యాబుకి ఉదాహరణగా ఆ పూలే పనికొస్తాయి: ‘పంట’ అనే క్లాసు, దాని కింద ‘పువ్వు’, దాని కింద ‘గులాబీ’. (జావాలో క్లాసు పేర్లు తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. రాసేవాళ్లే కనపడరు.)

పంట రకం వేరియబుల్‌లో ఉన్నదాన్ని గులాబీగా వాడుకోవాలంటే దాని ముందు బ్రాకెట్లలో గులాబీ అని రాస్తాం. డౌన్‌కాస్టింగ్ అంటే ఇదే. దీంతో ఆబ్జెక్ట్ మారిపోతుందని చాలామంది అనుకుంటారు. అణువంత కూడా మారదు. గులాబీగా పుట్టినదైతే గులాబీగా వాడుకోనిస్తుంది, ఉత్త పంటగా పుట్టినదైతే క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ విసురుతుంది. ఉత్త పంట చేతిలో పెట్టుకుని గులాబీ కావాలంటే, కొత్త గులాబీని సృష్టించి పాత విలువలు అందులోకి ఎక్కించుకోవాల్సిందే.

నాకు ముచ్చటేసేది ఆ పుట్టుక తేల్చే తీరు. కంపైలర్ అక్కడ చెక్‌కాస్ట్ అనే బైట్‌కోడ్ ఆదేశం పెడుతుంది. 2004లో జనరిక్స్ వచ్చాక మనం కాస్ట్ రాయడం తగ్గింది గానీ, లిస్టులోంచి గులాబీని తీసిన ప్రతిసారీ కంపైలరే చాటుగా చెక్‌కాస్ట్ పెడుతోంది. ఇన్నిసార్లు జరిగే తనిఖీ నెమ్మదైతే ప్రోగ్రామంతా కుంటుతుంది. తల్లి, అమ్మమ్మ, ముత్తవ్వ అంటూ వంశం వెంట మెట్టు మెట్టూ ఎక్కడం అందరికీ తట్టే దారి. జావా ప్రోగ్రాములు నడిపే హాట్‌స్పాట్ కోసం క్లిఫ్ క్లిక్, జాన్ రోజ్ 2002లో ప్రచురించిన పద్ధతిలో ఆ ఎక్కడమే లేదు. ప్రతి క్లాసూ తన పూర్వీకుల చిరునామాలను, చివర తన చిరునామాను, ఎనిమిది గళ్ల పట్టీలో వరసగా పెట్టుకుంటుంది: సున్నాలో ఆబ్జెక్ట్, ఒకటిలో పంట, రెండులో పువ్వు, మూడులో గులాబీ. గులాబీ కింద ఎన్ని రకాలు పుట్టినా వాటి పట్టీల్లోనూ మూడో గడి గులాబీదే. కనుక ఆ గడి ఒక్కటి చదివి పోల్చితే సరి. ఎనిమిది దాటిన వంశాలు అరుదు, వాటికి వేరే దారి ఉంది.

ఇంటర్‌ఫేస్‌ల దగ్గర ఇంత చక్కగా కుదరలేదు. ఒక క్లాసుకి అవి ఎన్నైనా ఉండొచ్చు గనక గడి నంబరు ఖాయం కాదు. హాట్‌స్పాట్ జాబితా వెతికి, ఆఖరున దొరికినదాన్ని ఒక్కదాన్ని గుర్తు పెట్టుకునేది. ప్రాసెసర్‌లో కోర్లు పెరిగాక ఆ ఒక్క గుర్తు మీదే అవి తోసుకునేవి. 2024లో వచ్చిన జేడీకే 23లో దానికి హ్యాష్ పట్టిక కట్టారు. ఎనిమిది గళ్ల పట్టీ జోలికి మాత్రం పోలేదు.