శంకరాభరణ గానము: గాత్రపరిణతి, శ్రోతృసమాదరము

వాక్కును గేయమును రెంటిని తానే నిర్మించువానిని మన శాస్త్రములు వాగ్గేయకారుడని పేర్కొన్నవి. క్షేత్రయ్య, త్యాగరాజు అట్టివారు. పాశ్చాత్య దేశములలో గిటారు చేతబట్టి తన పాటను తానే కట్టుకొని తానే పాడు రాక్ గాయకుడును ఒక విధముగా ఈ కోవలోనివాడే. అట్టివాని తొలి పాటలను ప్రేమించిన శ్రోతలు, అతని గానము పక్వమైన పిమ్మట దానిని ఎట్లు స్వీకరింతురను ప్రశ్న అచ్చటి విమర్శకులకు సుపరిచితము. 1965 జూలైలో న్యూపోర్టు జానపద సంగీతోత్సవమున బాబ్ డిలన్ విద్యుత్ గిటారుతో పాడగా సభలో కొందరు కేకలు వేసి నిరసించిరి. ఆ కవియే 2016లో సాహిత్యమునకు నోబెల్ బహుమానము నందెను. గాయకుని మార్పును శ్రోత వెంటనే ఆమోదింపడనుటకు ఇది ప్రసిద్ధోదాహరణము.

తెలుగునాట ఈ ప్రశ్న ఇంకను జటిలమైనది. సినిమా పాటలో వాగ్గేయకారుడు మూడు భాగములుగా చీలినాడు. పదము ఒకరిది, వరుస మరొకరిది, గాత్రము వేరొకరిది. అట్టిచో ఒక పాటల సంపుటము పరిణతమైనదని మనము చెప్పునపుడు ఆ పరిణతి ఎవరిది? దానిని గుర్తించు శ్రోత దేనిని గుర్తించుచున్నాడు? ఈ రెండు ప్రశ్నలను నెల్లూరు గాయకుడు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారి 'శంకరాభరణము' పాటల నాధారముగా గొని పరిశీలింపదలచితిమి.

శ్రీ బాలసుబ్రహ్మణ్యము 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో జన్మించిరి. తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరున హరికథాగాయకులు. ఈ విషయమును జీవితచరిత్రకారులు ఒక వాక్యమున చెప్పి విడుతురు. మేము దీనికి అంతకంటె ఎక్కువ విలువ నిచ్చుచున్నాము. హరికథకుడు ఒక్కడే కథ చెప్పును, పద్యము చదువును, కీర్తన పాడును. రాజు పలుకును, దాసి పలుకును, విదూషకుని పలుకును తన గొంతుననే పలికించును. ఇన్ని గొంతులు మార్చినను వెనుక వరుసలో కూర్చున్న వృద్ధునకు మాట తెలియకున్నచో అతని కథ విఫలము. కనుక పాత్రానుగుణమైన గాత్రము, పదస్పష్టత అను రెండు గుణములు హరికథకు ప్రాణములు. ఈ రెండే బాలసుబ్రహ్మణ్యముగారి గానమునకును ప్రాణములైనవి. అయితే రెండును ఒకేసారి వికసింపలేదు. మొదట మొదటిదియు, పిదప రెండవదియు ప్రధానమైనవి. ఆయన పరిణతికి మేము చెప్పు సూత్రమిది.

1966 డిసెంబరులో ఎస్.పి. కోదండపాణిగారి సంగీతదర్శకత్వమున 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న'కు ఆయన తొలిపాట పాడిరి. 1969లో తమిళమున 'అడిమైప్పెణ్' చిత్రమునకు పాడినది మొదలు తమిళదేశమునను కీర్తి నందిరి. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాలవారు దివంగతులైన పిమ్మట తెలుగు చిత్రములలో కథానాయకుల పాటల భారము చాలవరకు ఆయనపై బడెను. ఈ కాలపు పాటలలో మనకు ప్రధానముగా గోచరించునది అనుకరణ చాతుర్యము. తెరపై నటుడెవ్వరో గాత్రమును బట్టి తెలియును. హాస్యనటునికొక గొంతు, నాయకునికొక గొంతు. నవ్వు, నిట్టూర్పు, గుసగుస వీని నన్నిటిని పాటలో ఇమిడ్చిన నేర్పు అది. యువశ్రోతలు ఆయనను ప్రేమించినది ఇందులకే. కాని ఆ చాతుర్యము మితిమీరినచోట పదము వెనుకబడి గాత్రవిలాసమే ముందు నిలుచును. ఆ కాలపు పాటలలో కొన్నింటికి ఈ లోపము కలదని నిష్పక్షపాతముగా చెప్పవలెను.

1980 ఫిబ్రవరి 2న 'శంకరాభరణము' విడుదలయ్యెను. దర్శకులు కె. విశ్వనాథ్, సంగీతము కె.వి. మహదేవన్, నూతన గీతముల రచన వేటూరి సుందరరామమూర్తి. జె.వి. సోమయాజులు ధరించిన శంకరశాస్త్రి పాత్రకు గాత్రము బాలసుబ్రహ్మణ్యముగారిది. కర్ణాటక సంగీతమును తాము పద్ధతిగా అభ్యసింపలేదని ఆయనయే పలుమారులు చెప్పియున్నారు. అట్టివారు ఒక సంగీతవిద్వాంసుని పాత్రకు గొంతు నీయవలసివచ్చెను. ఇచ్చట ఇంతకాలము ఆదుకొన్న అనుకరణ చాతుర్యము చాలదు. విద్వాంసుని గొంతు ననుకరించుట వేరు, విద్వాంసుడు మోయు సాహిత్యమును మోయుట వేరు.

మధ్యమావతి రాగమున నడచు 'శంకరా నాదశరీరాపరా' గీతమును గమనింపుడు. దాని రచన సంస్కృతసమాస భూయిష్ఠము, నడక వేగము, స్థాయి ఉన్నతము. ఇట్టి రచనలో సమాసము నడుమ ఊపిరి తీసికొన్నచో అర్థము విరుగును. గాయకుడు తాళమునకు లొంగి పదమును విరువలేదు, పదమునకై తాళమును సడలింపనూలేదు. శ్రోతకు అర్థము పూర్తిగా తెలియకున్నను, ఇది ఒక పదము, ఇది మరొక పదమని తెలియును. బిలహరి రాగమున నడచు 'దొరకునా ఇటువంటి సేవ'లో దీనికి భిన్నమైన గుణము కలదు. ఇచ్చట వేగము లేదు, విలాసము లేదు. గాత్రము తన్ను తాను వెనుకకు జరుపుకొని మాటను ముందు నిలిపినది. కావ్యశాస్త్రమున పాకమని చెప్పబడునది ఇదియే. మార్చుటకు వీలులేని స్థితికి పదము చేరుట శబ్దపాకమైనచో, తొలగింపదగిన గమకము మిగులని స్థితికి గాత్రము చేరుట గానపాకము.

ఇక శ్రోతల విషయము. తొలిదినములలో ప్రేక్షకులు పలుచగా నుండి, విన్నవారు చెప్పగా వినవచ్చినవారితో శాలలు నిండినవి. తమిళ, మలయాళ దేశములలోను ఆ పాటలు తెలుగు మాటలతోనే వినబడినవి. 1979 సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారములలో సంగీతదర్శకునకు, గాయకునకు, గాయని వాణీజయరామ్‌గారికి బహుమానములు లభించినవి. బాలసుబ్రహ్మణ్యముగారికి అది మొదటి జాతీయ పురస్కారము.

ఈ సమాదరములో రెండు విరుద్ధాభిప్రాయములు కలవు. కొందరు పండితులు ఇది శాస్త్రీయ సంగీతము కాదందురు. పెక్కుమంది సామాన్యశ్రోతలు ఇదియే శాస్త్రీయ సంగీతమందురు. మొదటివారి ఆక్షేపణ నిరాధారము కాదు. రాగము తానము పల్లవి యనునది కచ్చేరీలో గంటల తరబడి సాగదగిన మనోధర్మ ప్రక్రియ. ఆ పేరుతో మొదలగు పాట ఈ చిత్రమున కొన్ని నిమిషములలో ముగియును. 'సామజవరగమన' యనునది హిందోళరాగమున త్యాగరాజకృతి. చిత్రములోని పాట ఆ పిలుపుతో మొదలై వేటూరివారి ప్రణయగీతముగా సాగును. సదాశివబ్రహ్మేంద్రుల, రామదాసుని కీర్తనలు, 1961 వరకు జీవించిన మైసూరు వాసుదేవాచార్యుల కృతి, వేటూరివారి నూతన గీతములు ఒకే సంపుటమున ఒకే గాత్రధర్మముతో వినబడుటచే, ఏది ఎవరిదో ఎరుగని శ్రోత అన్నియు ప్రాచీనములే యని తలచును. ఇది రచయితలకు అన్యాయము.

అయినను ఈ దోషమునకు గాయకుని బాధ్యుని జేయుట తగదు. కర్తృత్వ వివేచనము నేర్పవలసినది బోధకులు. శబ్దపాఠమును లిఖితపాఠముతో సమానముగా పరిష్కరించి, కర్తను, కాలమును, పాఠభేదమును నిర్ణయించుట తెలుగుశాఖల కర్తవ్యము. తాళపత్రములకు మనము చూపు శ్రద్ధలో కొంతయైనను గ్రామఫోను పలకలకు చూపకున్నచో, రాబోవు పరిశోధకునకు ఇరువదవ శతాబ్దపు శ్రవ్యకావ్యము అనాథముగా మిగులును.

సామాన్యశ్రోతల అభిప్రాయము శాస్త్రదృష్టిచే సరికాకున్నను, వారు పొందిన అనుభవము అసత్యము కాదు. వారు రాగలక్షణమును గుర్తింపలేదు. తమకు పరిచితమైన ఒక గొంతు తన విలాసమును విడిచి మరొకదానికి తలవంచుటను గుర్తించిరి. నిన్నటివరకు ప్రణయగీతములు పాడిన గొంతే కాకున్నచో ఆ వినయము వారికి తెలియకపోవును. కనుక తొలినాటి పాటలు ఈ పరిణతికి అడ్డంకులు కావు, దానిని కొలుచు కొలబద్దలు. నెల్లూరి తిక్కనయే ఇందులకు పూర్వోదాహరణము. మనుమసిద్ధికి అంకితమైన నిర్వచనోత్తర రామాయణమును చదివినవానికే, హరిహరనాథునకు అంకితమైన భారతమున కవి దేనిని విడిచి దేనిని సాధించెనో తేటపడును.

పరిణతి యనగా పూర్వమార్గమును త్యజించుట యనియు మేము తలపము. 1981లో హిందీ చిత్రము 'ఏక్ దూజే కే లియే'లోని ప్రణయగానమునకును, 1983లో 'సాగరసంగమము'నకును, 1988లో 'రుద్రవీణ'కును ఆయనకు జాతీయ పురస్కారములు వచ్చినవి. రెండు మార్గములును చివరివరకు సమాంతరముగా సాగినవి. 1996లో మొదలైన 'పాడుతా తీయగా' దూరదర్శన కార్యక్రమమున ఆయన బాలగాయకులకు ఉచ్చారణను, పదవిభాగమును దిద్దుచుండగా లక్షలాది శ్రోతలు ఇండ్లలో కూర్చుండి వినిరి. శ్రోతలను సహృదయులుగా తీర్చు ఈ పని హరికథకుని పనియే.

2020 ఫిబ్రవరిలో నెల్లూరు తిప్పరాజువారి వీథిలోని పితృగృహమును వేదపాఠశాలకై కంచి పీఠమునకు సమర్పించి, ఆ సంవత్సరమే సెప్టెంబరు 25న శ్రీ బాలసుబ్రహ్మణ్యము దివంగతులైరి. 'శంకరాభరణము' తుదిఘట్టమున శాస్త్రి పాడుచు కూలిపోగా, ఆగిన పాటను శిష్యబాలుడు అందుకొనును. శ్రోత ఆ క్షణమున గాత్రము మారినదని గమనించియు పాట ఆగినదని తలపడు. పరిణతి ఎవరిదను మా తొలి ప్రశ్నకు సమాధానము ఇచ్చట కలదు. పదము నిచ్చిన కవిది, వరుస నిచ్చిన దర్శకునిది కొంత కావచ్చును. కాని తన గొంతు లేకున్నను పాట నిలుచునట్లు పాడగలుగుట మాత్రము గాయకుని పరిణతియే.