దెబ్బ ముందు, చప్పుడు తర్వాత

"మావయ్యా, తాతయ్య డబ్బింగ్ సినిమాలో లాగా మాట్లాడుతున్నాడు" అని మా మేనల్లుడు ఆదివారం ఫోన్ చేశాడు. వాడి అమ్మానాన్నల పెళ్ళి క్యాసెట్టు, 1989 నాటిది, బీరువా అడుగున ఉంటే తీసుకెళ్ళి ఒక కొట్లో ఇచ్చి డీవీడీ చేయించాడు. నాకూ ఒక కాపీ పంపాడు. పెట్టి చూశాను. అప్పగింతల దగ్గర మా నాన్న పెదవులు కదిపాడు, మూశాడు, కండువాతో కళ్ళొత్తుకున్నాడు. అప్పుడొచ్చింది మాట. ఏడవాల్సిన చోట ఇంటిల్లిపాదీ నవ్వారట. నాకు ఒళ్ళు మండింది.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా చాదస్తం కొత్త కాదు. మిక్సీ కప్లర్ అరిగినా, గోడగడియారం వెనకబడినా "ఎవరికో ఇచ్చేయకండి, ముందు మీరే విప్పి చూడండి" అని పోరుతుంటాను. మాట మీద నిలబడాలి కదా. అటక మీది వీసీఆర్ దించి, క్యాసెట్టు తెప్పించుకున్నాను. మూడు గంటల క్యాసెట్టు. కిటికీలోంచి చూస్తే చుట్ట అంచున తెల్లగా బూజు. ఒకప్పుడు హెడ్డు మీద మట్టి పేరుకుంటే కొత్త నోటు మడిచి రుద్దేసేవాళ్ళం. ఆ పాపం ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

బొమ్మా మాటా ఎలా విడిపోతాయో చెబుతాను. టేపు మీద ఉన్నంతకాలం ఆ రెంటికీ కొంగుముడి. బొమ్మని సెకనుకి 25 చుట్లు తిరిగే డ్రమ్ము చదువుతుంది. మాటని, పాత సాదా వీసీఆర్లలో, టేపు అంచు దగ్గర కదలకుండా కూర్చున్న ఇంకో హెడ్డు చదువుతుంది. చదివేవాళ్ళు ఇద్దరైనా టేపు ఒకటే కాబట్టి గొడవ లేదు. కంప్యూటర్లోకి వచ్చేటప్పుడు ముడి వీడుతుంది. బొమ్మని ఒక గడియారం లెక్కపెడుతుంది, మాటని చాలాసార్లు ఇంకో గడియారం. రెంటి మధ్యా పదివేలలో ఒక వంతు తేడా ఉన్నా గంటకి సెకనులో మూడో వంతు దాటిపోతుంది. ఇక టేపు నలిగిన చోట కంప్యూటర్ తడబడి కొన్ని ఫ్రేములు వదిలేస్తుంది. ఒక్కో ఫ్రేము సెకనులో 25వ వంతు. శబ్దం మాత్రం ఏమీ ఎరగనట్టు సాగుతుంది. పాతిక ఫ్రేములు పోయాయంటే బొమ్మ సెకను ముందుకి దూకినట్టే.

కాబట్టి ముందు జబ్బేదో తేల్చుకోవాలి. మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్ల చూడాలి. తేడా మూడు చోట్లా ఒక్కటే అయితే శబ్దాన్ని మొత్తంగా జరిపితే సరి. పోనుపోను సాగుతుంటే శబ్దం నిడివిని బొమ్మ నిడివికి సరిపడా లాగాలి, లేదా కుదించాలి. మెట్లు మెట్లుగా పెరిగితే ఒక్కో మెట్టు దగ్గరా కోసి అతకాలి. అన్నిటికీ ఒకే కషాయం పోస్తే కొత్త జబ్బు పుడుతుంది.

మాదాంట్లో కొంత పని తప్పింది. ఆ కాలం పెళ్ళి క్యాసెట్లు చూసినవాళ్ళకి ఎందుకో తెలుసు. మిక్సింగ్ చేసినాయన ముహూర్తానికీ తలంబ్రాలకీ బంతి భోజనాలకీ సినిమా పాటలు పెట్టేశాడు. పురోహితుడు మంత్రం చదువుతుంటే డ్యూయెట్ వినిపిస్తుంది. సింక్ చేయడానికి ఏముంది? అసలు శబ్దం మిగిలింది రెండే చోట్ల: ఎదురుకోలు ఊరేగింపు, అప్పగింతలు.

అప్పగింతలది మెట్ల జబ్బు. నేను మళ్ళీ ఎక్కించుకున్నా మెట్లు వచ్చాయి, అంటే టేపే నలిగింది. కొట్టువాణ్ణి తిట్టిన తిట్లలో సగం వెనక్కి తీసుకున్నాను. నలిగిన ఒక్కో చోటా కోసుకుంటూ నాన్న దగ్గరికి వచ్చాను. సరిగ్గా కలిసిందని ఎలా తెలుసుకోవాలి? చిన్నప్పుడు బడిలో చెప్పిన ఓష్ఠ్యాలే దిక్కు. ప, ఫ, బ, భ, మ పలకాలంటే పెదవులు కలవాలి. పెదవులు మూసుకున్న ఫ్రేము పట్టుకుని, అక్కడ 'మ' తెచ్చి పెట్టాలి. నాన్న "మా అమ్మాయి" అని మొదలుపెట్టాడు కాబట్టి బతికాను. దండి 'దశకుమారచరితం'లో మంత్రగుప్తుడు ప్రియురాలి పంటిగాటు వల్ల పెదవులు కలపలేక, ఓష్ఠ్యాలు లేకుండానే తన కథంతా చెప్పుకొస్తాడు. ఆయన్ని వీడియో తీసి ఉంటే ఏ మొనగాడూ సింక్ చేయలేడు. 1950లో 'ఆహుతి' సినిమాని హిందీ నుంచి తెలుగులోకి డబ్ చేసినప్పుడు శ్రీశ్రీ పడిన అవస్థ ఇదే, తిరగేసి. ఆయన పెదవులకి మాటలు వెతికారు, నేను మాటకి పెదవులు వెతికాను.

అప్పగింతలు కుదిరాయి. ఊరేగింపు రెండు రాత్రులు తినేసింది.

ఊరేగింపు టేపు మొదట్లోనే ఉంది. అక్కడ టేపు నలగలేదు. కెమెరా మా అరుగు మీద నిలబడి, వీధి మలుపు తిరుగుతున్న మేళాన్ని జూమ్ చేసి చూపిస్తుంది. డోలు మీద కర్ర పడింది. నాలుగు ఫ్రేముల తర్వాత చప్పుడు. ఇంతేనా అని మొత్తం నాలుగు ఫ్రేములు ముందుకి జరిపాను. మలుపు దగ్గర అతికినట్టు కుదిరింది. మేళం గుమ్మంలోకి వచ్చేసరికి కర్ర ఇంకా గాల్లో ఉండగానే మోత మోగింది. చూడలేకపోయాను. ఇది నా ఒక్కడి తిక్క కాదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క ప్రకారం, శబ్దం సెకనులో వెయ్యింట 45 వంతులు ముందొస్తేనే మనిషి పట్టేస్తాడు. ఆలస్యమైతే 125 దాకా పట్టించుకోడు.

సరే, శబ్దాన్ని లాగి చూశాను. మేళం కుదిరింది, ఊరేగింపు చివర కాళ్ళు కడిగేటప్పుడు చెంబు కిందపడ్డ చప్పుడు తప్పింది. మూడు జబ్బుల్లో ఏదీ కాదు. నడుస్తున్నకొద్దీ తనంతట తానే తగ్గిపోయే తేడా ఏమిటి?

రెండో రాత్రి విసుగొచ్చి కళ్ళు మూసుకుంటే మా ఊరి చెరువు గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో పొద్దున్నే గట్టు మీద చింతచెట్టు కింద కూర్చునేవాణ్ణి. ఎదురుగట్టున చాకిరేవు. అక్కడ ఒకాయన చీరని తాడులా మెలిపెట్టి, తల మీదుగా తిప్పి, బండ మీద కొట్టేవాడు. కొట్టినప్పుడు చప్పుడుండేది కాదు. చీర మళ్ళీ పైకి లేచి, నీళ్ళు జల్లుగా రాలుతున్నప్పుడు "ధబ్" మని వినిపించేది. గాలిని కొడితే మోగుతుందనీ, బండని కొడితే మోగదనీ చాలాకాలం నమ్మాను. ఒకరోజు గట్టు చుట్టూ నడుచుకుంటూ వెళ్ళాను. నడిచినకొద్దీ చప్పుడు చీర మీంచి కిందికి దిగుతూ వచ్చింది. ముందు తల ఎత్తున, తర్వాత భుజం ఎత్తున, రేవులోకి దిగేసరికి బండ మీదికి. ఆయన నన్ను చూసి "ఏంటి బాబూ, తడుస్తావు" అన్నాడు. తడిశాను కూడా.

లేచి కాగితం తీశాను. ఎండాకాలపు గాలిలో శబ్దం సెకనుకి సుమారు 350 మీటర్లు పోతుంది. ఫ్రేముకి 14 మీటర్లు. నాలుగు ఫ్రేములంటే 56. మా అరుగు నుంచి మలుపులోని రామాలయం దాకా ఉజ్జాయింపుగా అంతే దూరం. మేళం దగ్గరికొస్తున్నకొద్దీ మూడు ఫ్రేములు, రెండు, ఒకటి, గుమ్మంలో సున్నా. టేపు తప్పు కాదు, కొట్టువాడి తప్పు అంతకన్నా కాదు. తప్పుచేసింది రెండు రాత్రులుగా నేనే.

చేసిన సవరణలన్నీ తీసేశాను. విప్పి చూడమని నేను పోరడం మాననుగానీ, విప్పిన ప్రతిదానిలోనూ బాగుచేయాల్సింది ఉండి తీరాలన్న నమ్మకం మాత్రం వదులుకుంటున్నాను.

కొత్త డిస్కు అందాక మేనల్లుడు మళ్ళీ ఫోన్ చేశాడు.

"తాతయ్య మాట బాగా కుదిరింది మావయ్యా. ఊరేగింపు దగ్గరే డోలు చప్పుడు కాస్త ఆలస్యంగా వస్తోంది."

"వస్తుందిరా. మీ నాన్నవాళ్ళు ఇంకా రామాలయం దగ్గరే ఉన్నారు."