మడమకు నేల అందించే పని

పళ్ళిపట్టు 1960లో చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. అక్కడి మెకానిక్ షెడ్డులో మాట మాత్రం ఇప్పటికీ తెలుగూ అరవమూ కలిసే నడుస్తుంది. "అన్నా, కాలు అందడంలే" అంటే చాలు, విషయం అర్థమైపోతుంది. క్లాసిక్ 350 మోటారుసైకిలు సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. ఎదురొచ్చే బస్సుకు దారిచ్చి ఆగితే పొట్టివాళ్ళకు మునివేళ్ళే ఆధారం.

పని తెలిసిన మేస్త్రీ ముందు స్పానరు పట్టడు. మనిషిని బండిమీద కూర్చోబెట్టి మడమ కింద ఖాళీ చూస్తాడు. తర్వాత రెక్సిను ఊడదీసి స్పాంజిని కొంచెం కొంచెంగా కోస్తాడు. పైభాగం కంటే తొడలు ఆనే పక్కలనే ఎక్కువ తీస్తాడు చూడండి, నాకు ముచ్చటేసేది అక్కడే. సీటు ముందువైపు సన్నబడితే కాళ్ళు నిటారుగా దిగుతాయి, మెత్తదనమూ పోదు.

వెనక పొట్టి షాకులు వేస్తే ఇంకా జాగ్రత్త కావాలి. హ్యాండిలు తీరు మారుతుంది, హెడ్‌లైటు వెలుగు పైకి లేస్తుంది, స్పీడు బ్రేకరుకు బండి అడుగు తగులుతుంది. సైడు స్టాండు పొడవెక్కువై బండి అవతలికి ఒరిగిపోవచ్చు. అందుకని స్టాండునూ కోయించి వెల్డింగు పెట్టిస్తాడు. ఆ పని ఎవరూ అడగరు, అయినా మరిచిపోడు.

అంతా అయ్యాక మళ్ళీ కూర్చోబెట్టి, వంగి, మడమ కింద వేలు పెట్టి చూస్తాడు.