కలపని అన్నం

సుషీ కోసం జపాన్ వెళ్లేవాళ్లు తెయిషోకుయా అనే చిన్న భోజన హోటళ్ల గడప తొక్కరు. వాళ్ల ఖర్మ. టోక్యోలో రైల్వే స్టేషన్ల వెనక సందుల్లో ఉంటాయివి. నాలుగు బల్లలు, ఒక కౌంటరు, మూలన మోగుతున్న టీవీ. గుమ్మానికి గుడ్డ తెర వేలాడుతుంటే హోటల్ తెరిచినట్టే.

వెయ్యి యెన్‌ల లోపే, అంటే మన ఐదారు వందల్లో, పూర్తి భోజనం. ఎడమ పక్క అన్నం గిన్నె, కుడి పక్క పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూపు, వెనక చేపో మాంసమో, చిన్న గిన్నెలో ఆ పూటకి వండిన కూర, నాలుగు ఊరగాయ ముక్కలు. టీ ఊరికే ఇస్తారు. టిప్పు ఇవ్వబోతే వద్దంటారు.

నా ఓటు ఉప్పు రాసి కాల్చిన సాబా చేపకి. శాస్త్రీయ నామంలోనే తెలుగు పేరున్న మన కనగుర్తకి ఇది దగ్గరి చుట్టం. తోలు పొక్కులెక్కి, అంచులు మాడి, కొవ్వు ఇంకా చిటచిటలాడుతుండగా తెచ్చి పెడతారు. పక్కన ముల్లంగి తురుము. దాని మీద రెండు చుక్కలు సోయా సాస్ వేసి చేపకు అద్దుకుంటే జిడ్డు విరుగుతుంది.

తెలుగు చేతికి చిక్కొచ్చేది అన్నం దగ్గర. మనం అన్నాన్ని తెల్లగా ఉండనివ్వం. పప్పు, పులుసు, చారు, పెరుగు, వరసగా కలిపేస్తాం. అక్కడ ఆఖరి మెతుకు దాకా తెల్లగానే ఉండాలి. సూపు అందులో పోసుకుంటే ఎవరూ ఏమీ అనరు, చూస్తారంతే. చేప తుంచుకోవాలి, వెంటనే అన్నం, పైన ఒక గుక్క సూపు, మళ్లీ అన్నం. ఇలా మూడింటి మధ్య తిరుగుతూ తినాలని బళ్లో మధ్యాహ్న భోజనం దగ్గరే పిల్లలకు నేర్పేవారు. కలపడమంతా నోట్లోనే. అంటే వంటవాడు సగం వండి మిగతా సగం మనకి వదిలేస్తాడన్నమాట. ఒట్టి చేప తింటే ఉప్పన, ఒట్టి అన్నం చప్పన. మన ఆవకాయ బద్దలాగే ఆ చిన్న చేప ముక్క గిన్నెడు అన్నాన్ని లాగించేస్తుంది. రోజూ వచ్చేవాళ్లని గమనించండి, చేపా అన్నమూ ఒక్కసారే అయిపోతాయి. ఆ చవకలో లోటు తెలియకపోవడానికి కారణం ఈ లెక్కేనని నా నమ్మకం.

శాకాహారులకు ఒక మాట. సూపులో టోఫు ముక్కలు చూసి మోసపోకండి, అడుగున సాధారణంగా ఎండు చేపల రసం ఉంటుంది.

ఈ మధ్య ఆ చేపా అన్నం లెక్కకే ముప్పొచ్చింది. 2025లో ఐదు కిలోల బియ్యం ధర 4000 యెన్‌లు దాటింది. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు రెట్టింపు. మారు అన్నం ఊరికే వడ్డించే హోటళ్లకి ఇది మోయలేని బరువు. నన్నడిగితే ధర పెంచమనండి, యాభై కాకపోతే వంద యెన్‌లు. గిన్నె మాత్రం చిన్నది చేయొద్దు. అన్నం తగ్గించేస్తే అంత ఉప్పు చేపని దేంతో తినాలి?