లోపలివాడి పిలుపు వినేదెవరు?

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలిపోయి, మంటలార్పుతున్న ఫైర్ సిబ్బంది 66 మంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకార్థం జరుపుకునే వారమిది. ఏటా ఈ వారంలో అలవాటు ప్రకారం సిలిండర్ మీద తడి గోనెసంచి కప్పి చూపిస్తారు, కరపత్రాలు పంచుతారు, 101కో 112కో ఫోన్ చేయమని చెబుతారు. అన్నీ కావలసినవే. కానీ పొగలో దారి తప్పిన ఫైర్‌మన్ తన ప్రాణం కోసం ఎవరిని, ఎలా, ఎప్పుడు పిలవాలన్న ప్రశ్న ఆ వేదికల మీద వినపడదు. చనిపోయిన ఫైర్‌మన్ల పేరిట జరిగే వారంలో బతికున్న ఫైర్‌మన్ గురించి ఆ ఒక్క మాటా లేకపోవడం నాకు మింగుడు పడదు. 2015 మే 9న ముంబయి కాల్బాదేవిలో పాత భవనం కూలినప్పుడు నలుగురు ఫైర్ అధికారులను పోగొట్టుకున్నాం. 2021 మార్చి 8న కోల్‌కతా రైల్వే భవనంలో చనిపోయిన తొమ్మిది మందిలో నలుగురు ఫైర్ సిబ్బందే. 2023 జనవరిలో సికింద్రాబాద్ డెక్కన్ మాల్ తగలబడినప్పుడు పొగ మింగిన సిబ్బందిని ఆస్పత్రికి మోయాల్సి వచ్చింది.

ఎవరికైనా ముందు తట్టే పరిష్కారం వాకీటాకీ. లోపలికి వెళ్లే ప్రతివాడి భుజానా ఒకటి ఉండాలి, ఇందులో వాదనకు చోటు లేదు. రాష్ట్రాల అగ్నిమాపక సేవల ఆధునికీకరణకు కేంద్రం 2023లో 5000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది గనుక డబ్బు లేదన్న మాట కూడా ఇక చెల్లదు. అయితే వాకీటాకీలు నిండుగా ఉన్నచోట ఏం జరిగిందో చూస్తే మాత్రం నా వాదన అక్కడితో ఆగడం లేదు. 1988 జులై 1న అమెరికాలో హ్యాకెన్‌సాక్ అనే ఊళ్లో కార్ల షోరూం కప్పు కూలి ఐదుగురు ఫైర్‌మన్లు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు పక్కగదిలో తలదాచుకుని రేడియోలో మళ్లీ మళ్లీ పిలిచారు. రేడియో పనిచేస్తూనే ఉంది. ఘటనాస్థలిలో ఉన్నవాళ్లకే ఆ పిలుపు సమయానికి అందలేదు. 2007 జూన్ 18న అమెరికాలోనే చార్ల్‌స్టన్ నగరంలో ఓ ఫర్నిచర్ దుకాణంలో తొమ్మిది మంది ఫైర్‌మన్లు పోయారు. అక్కడా లోపలివాళ్లు పిలిచారు. ఛానల్ నిండా మాటల రద్దీ. నీళ్లు, పైపులు, బండ్ల గోల మధ్య ఆ పిలుపు బయట పని నడిపిస్తున్న అధికారి చెవిన పడలేదు. రెండుచోట్లా నోటికి కొదవ లేదు, చెవి కరువైంది. పరికరం కంటే పద్ధతి ముందు అన్నది నా పాత పట్టుదల. ఫైర్‌మన్ విషయంలో దాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాను.

ఆ పద్ధతి ఎలా ఉండాలో లండన్ నేర్చుకున్న తీరు చెప్పుకోవాలి. 1958 జనవరి 23న స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ నేలమాళిగలో నిప్పంటుకుంది. సొరంగాల్లాంటి శీతల గదులు, కన్ను పొడుచుకున్నా కనపడని పొగ. జాక్ ఫోర్ట్-వెల్స్ అనే స్టేషన్ ఆఫీసరూ, రిచర్డ్ స్టాకింగ్ అనే ఫైర్‌మనూ లోపలే చనిపోయారు. ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లారు, ఎవరి దగ్గర ఎంత గాలి మిగిలింది అన్న లెక్క సరిగా ఉండి ఉంటే అన్న ప్రశ్న అప్పుడు గట్టిగా ముందుకొచ్చింది. ఆ తర్వాత స్థిరపడిన ఏర్పాటులో ఖరీదైనదేమీ లేదు. గాలి సెట్‌కు తగిలించిన పేరు బిళ్లను లోపలికి పోయేముందు ఊడదీసి గుమ్మం దగ్గరున్న మనిషికి ఇవ్వాలి. అతను దాన్ని బోర్డులో గుచ్చి, పక్కన సిలిండర్ ఒత్తిడి, లోపలికి వెళ్లిన సమయం రాసి, గాలి అయిపోవస్తోందని హెచ్చరించే విజిల్ ఎన్నింటికి మోగాలో లెక్కగట్టి పెడతాడు. ఆ వేళకు మనిషి బయటకు రాకపోతే, అతని నోటి నుంచి ఒక్క మాట రాకపోయినా, ప్రమాదంలో ఉన్నట్టే లెక్క. స్పృహ తప్పినవాడు వాకీటాకీ నొక్కలేడు. అతని తరఫున ఆ బోర్డు పిలుస్తుంది. ఒక చెక్కపలక, ఒక సుద్దముక్క, ఒక గడియారం, వాటి ముందు కదలకుండా నిలబడే ఒక మనిషి: ఇందుకు ఏ టెండరూ అక్కర్లేదు.

ఇక లోపలివాడు స్పృహలో ఉన్నప్పుడు ఎప్పుడు పిలవాలన్నది చూద్దాం. వాడుకలో ఉన్న గాలి సెట్‌లో (బ్రీతింగ్ అపరేటస్) 6 లీటర్ల సిలిండర్‌ను 300 బార్ ఒత్తిడితో నింపుతారు. అంటే 1800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున పీలిస్తే 45 నిమిషాలు, మెట్లెక్కుతూ మనిషిని మోస్తూ 60 లీటర్లు లాగితే 30 నిమిషాలు. విజిల్ మోగేది సుమారు 55 బార్ దగ్గర. అప్పటికి మిగిలేది 330 లీటర్లు, అంటే ఐదు నుంచి ఎనిమిది నిమిషాల ఊపిరి. దీని పక్కన ఇంకో లెక్క పెట్టండి. 2001 మార్చి 14న ఫీనిక్స్ నగరంలో ఓ సూపర్‌మార్కెట్‌లో బ్రెట్ టార్వర్ అనే ఫైర్‌మన్ దారి తప్పి, తప్పిపోయానని రేడియోలో చెప్పి కూడా దక్కలేదు. ఆ తర్వాత అక్కడి శాఖ ఖాళీ భవనాల్లో పరీక్షలు జరిపింది. చిక్కుకున్న ఒక్కణ్ణి బయటకు తేవడానికి 12 మంది, సుమారు 21 నిమిషాలు పట్టాయి. వెళ్లిన ప్రతి ఐదుగురిలో ఒకరు తామే ఆపదలో పడ్డారు. 21 నిమిషాలు 40 లీటర్ల చొప్పున పీల్చాలంటే 840 లీటర్లు, అంటే 140 బార్ ఉండాలి. దాదాపు సగం సిలిండర్! విజిల్ విన్నాక పిలిచినవాడు ఈ లెక్క ప్రకారం ఆలస్యంగా పిలిచినట్టే. చేతిలోని హోస్ లైన్ జారిపోయి ఏ గోడ ఎటుందో తెలియని మొదటి నిమిషంలోనే ‘మేడే’ అన్న ఆపద పిలుపుకు నోరు తెరవాలి. “మేడే, మేడే, మేడే. రెండో బండి లీడింగ్ ఫైర్‌మన్ని. సెల్లార్‌లో, మెట్లు దిగాక ఎడమ గోడ పక్కన ఉన్నా. లైన్ తప్పిపోయింది. ఇద్దరం. గాలి 150 బార్.” ఎవరు, ఎక్కడ, ఏమైంది, ఎంత గాలి, అన్నీ అందులో ఉన్నాయి. విన్నవెంటనే మిగతా సెట్లన్నీ నోరు మూసుకోవాలి. మంట మీద నీళ్లు కొట్టేవాళ్లు పైపులు వదిలి పరుగెత్తకూడదు. ముందే సిద్ధంగా ఉంచిన జట్టే లోపలికి వెళ్లాలి.

ఇంత తొందరగా పిలవడం పిరికితనం కాదా, ఉత్తుత్తి పిలుపులు పెరిగిపోవా అంటారు. పెరుగుతాయి, పెరగనివ్వండి. తనంతట తానే గోడ పట్టుకుని బయటపడ్డవాణ్ణి స్టేషన్లో ఎగతాళి చేస్తే, రెండోసారి అతను విజిల్ మోగేదాకా నోరు విప్పడు. అందుకే ఆ పిలుపును తప్పుపట్టకూడదన్న నియమం రాతపూర్వకంగా పైఅధికారి నుంచే రావాలి. మన పల్లెల్లో కాలేవి గడ్డివాములు, పూరిళ్లు, గొడ్ల చావిళ్లు కదా, వీటికింత తంతు ఎందుకన్నది మరో మాట. అదీ ఒకప్పటి సంగతి. విస్సన్నపేట లాంటి మండల కేంద్రాల్లోనూ కింద ఇనుప షట్టర్ వేసిన కొట్టు, పైన కాపురం, ఎక్కడానికి ఒక్కటే మెట్లవరస ఉన్న ఇళ్లు పెరుగుతున్నాయి. హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న 17 మందిని పొట్టనపెట్టుకున్నది అలాంటి కట్టడమే. కింది కొట్టు పురుగుమందులదైతే ఆ పొగ సంగతి చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం మనుషుల కొరత. బండిలో వచ్చేదే కొద్దిమంది అయితే, బోర్డు ముందు ఒకణ్ణి ఖాళీగా నిలబెట్టడం ఎలా? పంపు దగ్గరున్న డ్రైవర్‌కు అప్పగిస్తే సరిపోదు, ఆ ఇంజిన్ మోతలో పక్కన నిలబడి అరిచినా వినపడదు. నా జవాబు కటువుగానే ఉంటుంది: వినడానికి బయట ఒక మనిషిని పెట్టలేని జట్టు, లోపల ప్రాణాలున్నాయని ఖాయంగా తెలిస్తే తప్ప, లోపలికి వెళ్లకూడదు. సరుకు కాలిపోతుంటే కిటికీలోంచి నీళ్లు కొడుతూ రెండో బండి కోసం ఆగాలి. ఆ ఆగడాన్ని భరించలేనిది శాఖ కాదు, మనం. మన ఊళ్లో మంట లేస్తే అధికారి చుట్టూ ఎవరు చేరతారో చూడండి. ఇంటాయన, కొట్టు యజమాని, నలుగురు నాయకులు, మైకులు పట్టుకున్న విలేకరులు. పైగా కలెక్టరేట్ నుంచి ఫోన్లు. “లోపలికి పంపరేం సార్, చూస్తూ నిలబడ్డారేం” అని నిలదీసేది మనమే. ఆ నిలదీతకే అధికారి చేతిలో ఉన్న ఆఖరి మనిషిని కూడా లోపలికి పంపేది. ఆ గోలలోనే అతని భుజం మీది సెట్‌లోంచి వచ్చే మాట మునిగిపోయేది. ప్రభుత్వాన్ని రేడియోలు అడగడానికి కూర్చుని, చివరికి అడగవలసింది మనల్నే అని తేలింది. మంట దగ్గర గుమిగూడిన జనాన్ని వెనక్కి జరిపి తాడు కట్టించే పని పోలీసులు, సర్పంచి వెంటనే చేపట్టాలి. అధికారితో ఒక్కరే, ఆ ఇంటి గదులు, మెట్లు, గ్యాస్ సిలిండర్లు ఎక్కడున్నాయో తెలిసిన ఒక్కరే మాట్లాడాలి. చెప్పవలసింది చెప్పేసి, ఆయన కూడా తాడు ఇవతలికి వచ్చేయాలి.