ముందు నిలబడటం నేర్పేవారు

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా భోపాలపట్నం వైపు తెలుగు, హిందీ, గోండి కలగలిసి వినిపిస్తాయి. అలాంటి చోట కొత్తవాళ్లకు యోగా నేర్పే గురువు పనితనం తాడాసనంలోనే తెలిసిపోతుంది. చూడ్డానికి ఊరికే నిలబడటమే! “బరువు రెండు పాదాల మీదా సమానంగా వేయండి” అని చెప్పి, ఆగి, అందరినీ చూసి, అప్పుడు “భుజాలు కిందికి వదలండి” అనేవారంటే నాకు గౌరవం. వంగేటప్పుడు ఊపిరి వదలమని వేళకు గుర్తుచేస్తారు. వేళ్లు నేలకు అందకపోతే మోకాళ్లు కాస్త వంచమంటారు. బెల్టు, దిమ్మె లాంటి ఆసరాలకు పేరు తెచ్చింది బి.కె.ఎస్. అయ్యంగార్, ఇక్కడ తువ్వాలైనా సరిపోతుంది. 2015 నుంచి ఏటా జూన్ 21న, అంతర్జాతీయ యోగా దినోత్సవం నాడు, మైకులో జనం చేత చేయించడం వేరే విద్య. ఈ గురువు మాత్రం రక్తపోటు ఉందా అని ముందే అడిగి, అలాంటివాళ్లను తలకిందుల ఆసనాల జోలికి పోనివ్వరు.