ఓడిన టీకాకే పెద్దపీట

మా కమాన్‌పూర్ చుట్టుపక్కల కెమిస్ట్రీ అనగానే జనానికి గుర్తొచ్చేది రామగుండం యూరియా. మలేరియా అంటే ఓపెన్ కాస్ట్ గుంతల్లో నిలిచిన నీళ్లు, మందు కొట్టి ఇంటి గోడ మీద తేదీ రాసి పోయే మలేరియా డిపార్ట్‌మెంట్ వాళ్లు. ఈ రెంటినీ కలిపే విద్య ఒకటుంది: మలేరియా పరాన్నజీవిలోని చిన్న ముక్కను ప్రయోగశాలలో అణువణువూ కట్టి టీకా చేయడం. దాని మీద తెలుగులో పుస్తకం రాసింది ఒక బాయి కార్మికుని బిడ్డ, నా దగ్గర ఇంటర్ కెమిస్ట్రీ చదువుకున్న పిల్ల. కనుక నా పొగడ్తలో కొంత తరుగు తీసి చదువుకోండి.

మన పత్రికల్లో మలేరియా వ్యాసం రోనాల్డ్ రాస్‌తో మొదలై రాస్‌తోనే ముగుస్తుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో ఆయన దోమ పొట్టలో పరాన్నజీవిని చూశాడు, 1902లో నోబెల్ వచ్చింది, శుభం. ఈ అమ్మాయి దాన్ని రెండు పేజీల్లో దాటేసింది. అందులోనూ ఒక పేజీ, దోమకు ఒక అణా చొప్పున తీసుకుని ఒళ్లంతా కుట్టించుకున్న హుసేన్ ఖాన్‌కు ఇచ్చింది. సబబే.

పుస్తకానికి గుండెకాయ 1987. ఫాల్సిపేరం అనే రకం మలేరియా పరాన్నజీవి దోమ కాటుతో ఒంట్లోకి దిగే దశ స్పోరోజాయిట్; దాని పైపొర ప్రొటీన్‌లో ఆస్పరజిన్, అలనిన్, ఆస్పరజిన్, ప్రోలిన్ అనే నాలుగు అమైనో ఆమ్లాల వరస పదే పదే వస్తుంది. ఆ వరసను మూడుసార్లు పేర్చి, ధనుర్వాతం టీకాలో వాడే టాక్సాయిడ్‌కు తగిలించి మనుషులకు ఇచ్చారు. యాంటీబాడీలు బాగా పుట్టిన ముగ్గురిని మలేరియా దోమలతో కుట్టిస్తే, ఒకరి నెత్తుట్లో పరాన్నజీవి కనబడలేదు. అదే ఏడు కొలంబియాలో మాన్యుయెల్ పటర్రోయో తన కృత్రిమ పెప్టైడ్లతో, అంటే పొట్టి అమైనో ఆమ్లాల గొలుసులతో, కోతులను కాపాడినట్టు ప్రకటించాడు. ఆ దారిలోనే ఎస్‌పీఎఫ్66 అనే 45 అమైనో ఆమ్లాల గొలుసు వచ్చింది.

గొలుసు కట్టే పద్ధతి 1963లో మెరిఫీల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త చూపించిందే. మొదటి ఆమ్లాన్ని రెసిన్‌కు అంటించి, కడిగి, రెండోదాన్ని కలిపి, మళ్లీ కడగడం. వినడానికి తేలికే. కానీ ఒక్కో అతుకు నూటికి 99 పాళ్లు కుదిరినా, 44 అతుకులు పూర్తయ్యేసరికి సరైన గొలుసు మిగిలేది 64 పాళ్లే. ఈ లెక్కను విద్యార్థి చేతే చేయించిన పేజీ చూసి, పాఠం చెప్పడం దీనికి నాకంటే బాగా వచ్చిందనుకున్నాను.

టాంజానియా పిల్లల్లో ఎస్‌పీఎఫ్66 రక్షణ 31 శాతమని 1994లో తేలింది. తర్వాత గాంబియా పసిపిల్లల్లో, థాయిలాండ్ శరణార్థి పిల్లల్లో చూస్తే రక్షణ ఉన్నట్టే తేలలేదు. ఇక్కడితో ఆపేసేవాళ్లు చాలామంది. ఈమె మాత్రం అరవై పేజీలు ఎందుకు ఓడిందన్నదానికే పెట్టింది. యాంటీబాడీ గుర్తుపట్టేది కట్టిన తలపాగాను; పొట్టి పెప్టైడ్ విప్పిన గుడ్డలా నీళ్లలో ఎటుబడితే అటు తిరుగుతుంది. పైగా పెప్టైడ్ ముక్కను పట్టి టి కణానికి చూపించే హెచ్‌ఎల్‌ఏ అణువులు మనిషికో రకం. ఒకరిలో పట్టుబడే ముక్క పక్కవాడిలో జారిపోతుంది. పరాన్నజీవి వేషాలు మార్చడం ఇంకో చిక్కు.

పటర్రోయో విషయంలో మా ఇద్దరికీ వాదన ఉంది. ఆయన ముందే గొప్పలు చెప్పాడని ఈమె కోపం. ఆ టీకా హక్కులను ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా ఇచ్చిన మనిషి మీద నాకు అంత కోపం రాదు.

ఆ నాలుగు ఆమ్లాల వరస మాత్రం ఓడలేదు. ఈస్ట్ కణాల్లో, హెపటైటిస్ బి ప్రొటీన్‌తో కలిపి తయారుచేసిన ఆర్‌టీఎస్,ఎస్ టీకాలో అది ఉంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆఫ్రికా పిల్లలకు సిఫారసు చేసింది. అదే ఏడు హైదరాబాదు భారత్ బయోటెక్‌కు దాని తయారీ అప్పగించే ఒప్పందం కుదిరింది. 2023లో సిఫారసైన ఆర్21ను పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ చేస్తోంది. అందులోనూ ఆ వరసే.

ఒక్క లోటు చెప్పాలి. ఈ టీకాలన్నీ ఫాల్సిపేరం మీదివి. మన దగ్గర వైవాక్స్ అనే ఇంకో రకం పరాన్నజీవి తక్కువేం కాదు. అది కాలేయంలో నెలల తరబడి నక్కి తిరగబెడుతుంది, పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ మందు సగంలో మానేస్తే మరీను. దానికి పుస్తకంలో ఆరు పేజీలేనా అని అడిగాను. "పేజీలు పెరిగితే వెల పెరుగుతది సార్" అన్నది. వెల సంగతి నేను చూసుకుంటా, రెండో ముద్రణకు ఆ అధ్యాయం రాయి బిడ్డా.

కమాన్‌పూర్, పెద్దపల్లి జిల్లా